ఇరవై నాలుగు గంటల డబ్బా

ఆదివారం పొద్దున్నే ఫోర్‌మన్ తన ఆనాటి కార్యక్రమం భార్యకు వివరించాడు. గుమ్మం దాటేది లేదు. మర్నాడు పొద్దుటిదాకా తన మూత్రమంతా ఐదు లీటర్ల తెల్ల డబ్బాలో పట్టాలి. అతను పనిచేసేది బ్యాటరీల ఫ్యాక్టరీలో, సీసం కరిగించే విభాగంలో. ఒంట్లో సీసం ఎంత చేరిందో ఏడాదికోసారి ఇలా చూస్తారు. ఈసారి గట్టెక్కితే సూపర్‌వైజర్ పదవి ఖాయం. లేకపోతే గోడౌన్‌లో అట్టపెట్టెలకు కాపలా.

డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టమన్నారు ల్యాబ్‌వాళ్లు. ఆ మాటకు భార్య ఒక్క చూపు చూసింది. డబ్బా బాత్‌రూమ్‌లో ఐసుముక్కల బకెట్‌లోకి చేరింది. మొగుడి మతిమరుపు తెలిసిన మనిషి కనుక, "ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు" అని పెద్దక్షరాలతో రాసి డబ్బాకు అంటించింది. వాళ్లతోనే ఉంటున్న ఆమె తండ్రి అప్పటికి నడకకు వెళ్లి ఉన్నారు. ఆయనకు విషయం చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

సాయంత్రానికే డబ్బా సగం నిండింది. నీళ్లు బాగా తాగుతున్నానని ఫోర్‌మన్ సంతోషించాడు. మర్నాడు బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. ల్యాబ్ అమ్మాయి డబ్బా ఎత్తి చూసి, "ఇదంతా మీదేనా?" అంది.

"నాదే," అన్నాడు, కాస్త గర్వంగానే.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. సీసం ఉండవలసినదానికి మూడింతలుంది. నాలుగు లీటర్లన్న అంకె చూసి ఫ్యాక్టరీ డాక్టరు షుగరు కూడా ఉందేమోనన్నాడు. విభాగం మూశారు. పొగగొట్టాలు విప్పి కడిగారు. అతని కింద పనిచేసే పదకొండుమందికీ తలా ఒక డబ్బా ఇచ్చి ఇంటికి పంపితే, వాళ్లు అతన్ని మనసారా తిట్టుకున్నారు. ఇంట్లో భార్య పాత గిన్నెలన్నీ అటకెక్కించి, గోడల రంగు గీకించింది. ఫోర్‌మన్‌కు అంతవరకూ లేని తిమ్మిర్లు, కీళ్లనొప్పులు వరసగా మొదలయ్యాయి. చివరికి పదకొండు రిపోర్టులూ శుభ్రంగా వచ్చాయి. ఆస్పత్రిలో చేరి మందు ఎక్కించుకోవలసింది అతనొక్కడే అని తేలింది.

భార్య సంచిలో అతని బట్టలు సర్దుతుంటే మామగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి.

"అల్లుడుగారూ, ఆ డబ్బా మీ ఒక్కరివల్లే నిండలేదు. నేనూ ఒక చెయ్యి వేశాను."

"మీరా? ఎందుకు?"

"ఒక్క చుక్క కూడా పోకూడదని రాసి పెట్టారుగా. ముప్పై ఏళ్లు రాసింది రాసినట్టు పాటించాను. ఎందుకని అడిగితే బాగుండదనుకున్నాను."

అది విని కూతురు, తాను సర్దుతున్న సంచి మీదే కూలబడింది. మర్నాడు మామా అల్లుళ్లకు చెరో డబ్బా ఇచ్చారు. అల్లుడిది శుభ్రంగా వచ్చింది. మామగారిది ఆరింతలు. అంతవరకూ నవ్వుకుంటున్నవాళ్లు నవ్వడం మానేశారు.

డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఆయనకు చేపలు పట్టే సరదా. గాలానికి బరువుగా కట్టే గుండ్ల కోసం పాత సీసపు గొట్టాలు తెచ్చి సామాన్ల గదిలో స్టవ్వు మీద కరిగిస్తున్నారు. గాలికి మంట ఆరిపోతుందని కిటికీలు మూసేవారట.

"ఇంకో ఆర్నెల్లు ఇలాగే సాగితే కిడ్నీలు పోయేవి," అన్నాడు డాక్టరు. "కడుపులో నొప్పి రావడం లేదూ?"

"ఏడాదిగా వస్తోంది. అమ్మాయి వంట పడటం లేదనుకున్నాను."

"అనుకోవడమేం, చుట్టాలందరికీ చెప్పావు నాన్నా," అంది పక్కనే ఉన్న కూతురు, నెమ్మదిగా.

మూడు వారాల వైద్యంతో ఆయన ముఖం తేటపడింది. స్టవ్వు, గొట్టాలు ఇల్లు వదిలాయి. ఫోర్‌మన్ సూపర్‌వైజరయ్యాడు. ఇంటికొచ్చాక కూతురు ఏం వండినా మామగారు మారు వడ్డించుకుని, చాలా బాగుందంటూ తిన్నారు. అందులో రెండుసార్లు కూర మాడిపోయింది కూడా.