ఎవరూ చదవలేని లేబుల్

రెండువేల సంవత్సరం ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, మంగళవారం ఉదయం ద్వారకానాథ్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి పాయింట్ కుక్‌లో బయలుదేరడం, ఎనిమిదిన్నరకి మెల్‌బోర్న్ సిటీలో ఆఫీసు చేరడం, ఫ్లాపీలో ఉన్న లేబుల్‌ని పన్నెండు కాపీలు ప్రింట్ తీయడం, భోజనాల వేళ కిందికి దిగి కారు డిక్కీలో ఉన్న పన్నెండు సీసాలకీ అంటించడం. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు డాబా మీద ఆయనకి వీడ్కోలు బార్బీ, అంటే నిప్పుల మీద కాల్చుకు తినే విందు, ఉంది. అక్కడ టీములో ఉన్న పన్నెండు మందికీ తలా ఒక సీసా ఇవ్వాలి.

సీసాల్లో ఉన్నది ఆయన స్వయంగా కాచినది. ఫుట్‌స్క్రే బజార్లో డబ్బాల్లో దొరికే మామిడి గుజ్జు తెచ్చి, పులియబెట్టి, గరాజ్‌లో చిన్న రాగి పాత్ర పెట్టి, నాలుగు నెలల పాటు శనివారాలన్నీ ధారపోసి బొట్టు బొట్టుగా పట్టాడు. ఆ పాత్ర అమ్మినవాడు 'నీళ్లు శుద్ధి చేసుకొనుటకు' అని రసీదు మీద రాసి, కన్ను కొట్టి మరీ ఇచ్చాడు. పదకొండు సీసాల నిండా ఆ సరుకే. పన్నెండోదానిలో మాత్రం, టీములో మందు ముట్టని హారిస్ కోసం నన్నారి షర్బత్ పోశాడు.

"సారా సీసా మీద పేరూ ఊరూ రాసి మరీ పంచుతున్నారు. పాపం పోలీసులకి వెతుక్కునే శ్రమ కూడా లేదు," అంది కళావతి, మైదా ఉడికించి చేసిన లైని స్టీలు డబ్బాలోకి ఎత్తుతూ.

"సారా అనకే. అర్కు అను."

"అర్కు ఆయుర్వేదం కొట్లో అమ్ముతారు. ఇది సారా."

"తెలుగులో రాశానుగా! ఇక్కడెవడు చదివి చస్తాడు?"

"ఎవడూ చదవనప్పుడు రాయడం దేనికండీ?"

దానికి ద్వారకానాథ్ దగ్గర జవాబు ఉంది గానీ, పొద్దున్నే భార్యకి చెప్పుకునే జవాబు కాదది. రెండేళ్లుగా ఆయన ఒక బీమా కంపెనీలో వైటూకే పని చేస్తున్నాడు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెలుగా ఉన్న చోటల్లా వెతికి వెతికి నాలుగంకెలు చేశాడు. ఆ పుణ్యాన జనవరి ఒకటో తేదీన ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆయన పనితనం. కానీ సిడ్నీలోని హెడ్డాఫీసు మాత్రం, "ఏమీ జరగనిదానికా రెండేళ్లు అంత హడావిడి చేశారు?" అని నవ్వింది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని పాత ప్రోగ్రాములు గుర్తించకపోతే వచ్చే లీపు రోజు గండం ఒక్కటే మిగిలింది. అది కూడా దాటితే ఆయన కాంట్రాక్టు చెల్లు. వంతెన కట్టినవాడి పేరు రాతిమీద చెక్కుతారు, ప్రమాదం ఆపినవాడి పేరు ఎవరూ ఎక్కడా రాయరు. పైగా ఆఫీసులో ద్వారకానాథ్ అనడానికి ఎవరికీ నోరు తిరగక 'డీ' అని పిలిచేవారు. ఈ దేశంలో తన చేత్తో చేసిన ఒక్క వస్తువు మీదైనా తన పేరు పూర్తిగా, తన లిపిలో ఉండాలి. ఆయన కోరిందల్లా అంతే.

అందుకే కోఠీలో కొన్న తెలుగు అక్షరాల సీడీ ఇంట్లో కంప్యూటర్‌కి ఎక్కించి, వారం కుస్తీపట్టి, తన సొంతూరు కూడా కలిపి మూడు వరుసల లేబుల్ తయారుచేశాడు. చీరాల మామిడి అర్కు. తయారీ: ద్వారకానాథ్. 2000.

ఆఫీసుకి చేరగానే ఫ్లాపీ పెట్టి, తెరిచైనా చూడకుండా ప్రింట్ నొక్కాడు. ఇంట్లో ఇరవై సార్లు చూసుకున్నదే కదా. పరీక్షించనిదే దేన్నీ నమ్మొద్దని రెండేళ్లు అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి ఆయనే. పక్కనున్న ప్రింటర్ కిక్కురుమనలేదు. మళ్లీ నొక్కాడు. ఇంకో రెండుసార్లు నొక్కాడు.

ఈలోగా పక్క సీటు హారిస్, ద్వారకానాథ్ బల్ల మీది స్టీలు డబ్బా మూత తీశాడు. హైదరాబాద్ మల్లేపల్లి మనిషి, టీములో ఆయనకున్న ఒకే ఒక్క తెలుగు తోడు.

"ఏంది భాయ్, వదినె ఖీర్ పంపిందా?" అంటూ చెంచాడు నోట్లో వేసుకుని, మర్యాదగా మింగి, "మంచిగనే ఉంది గానీ, చక్కెర మర్చిపోయినట్టుంది," అన్నాడు.

అది లై అని చెప్పేలోపు పై అంతస్తులో ఎవరో కేక పెట్టారు. కింది అంతస్తులో ఫోన్లు మోగాయి. మేనేజర్ గ్రెగ్ చేతిలో కాగితాల కట్టతో పరుగెత్తుకొచ్చాడు.

"వచ్చేసింది! లీపు బగ్! పదకొండు అంతస్తుల్లో ఇరవై మూడు ప్రింటర్లు ఒకేసారి పిచ్చెత్తిపోయాయి!"

ద్వారకానాథ్ కాగితం అందుకున్నాడు. తలకిందులైన ప్రశ్నార్థకాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు. వాటి అడుగున ఒక్క 2000 మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. తెలుగు అక్షరాల సీడీ ఇంట్లో కంప్యూటర్‌కి ఎక్కించాడు గానీ ఆఫీసు కంప్యూటర్‌కి ఎక్కించలేదు. లీపు రోజు పరీక్షకని, ఒక్కసారి నొక్కితే అన్నిట్లోనూ అచ్చయ్యేలా, తన పక్కనున్నది తప్ప అంతస్తులన్నిట్లోని ప్రింటర్లని నిన్న సాయంత్రం ఒకే వరుసలో కలిపింది కూడా ఆయనే. పన్నెండు కాపీలు, నాలుగుసార్లు నొక్కుడు, ఇరవై మూడు ప్రింటర్లు. లెక్క కట్టే ధైర్యం ఆయనకి లేకపోయింది.

"చూశావా, 2000 అని ఉంది! అదే సాక్ష్యం!" అన్నాడు గ్రెగ్. మొహం వెలిగిపోతోంది. రెండేళ్లు వానొస్తుందని చెప్పి నవ్వులపాలైనవాడి మీద మొదటి చినుకు పడ్డట్టుంది.

"గ్రెగ్, అది నాది," అన్నాడు ద్వారకానాథ్ నీరసంగా.

"శభాష్ మేట్! ఇలా మీదేసుకునేవాడే కావాలి. ఇది నీదే, నువ్వే చూడు!" అని భుజం తట్టి, గ్రెగ్ సిడ్నీకి ఫోన్ చేయడానికి పరుగెత్తాడు.

పావుగంటలో ముందుజాగ్రత్తగా బ్రిస్బేన్ బ్రాంచీలో కూడా ప్రింటర్లు ఆపేశారు. సెక్యూరిటీ ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి, ఇది రష్యన్‌లా ఉందన్నాడు. అకౌంట్స్ ఆవిడ తన తాతది హంగరీ అని, ఇది కచ్చితంగా హంగేరియన్ కాదని హామీ ఇచ్చింది. హారిస్ మాత్రం కాగితం వంక, ఫ్లాపీ వంక, డబ్బాలోని ఖీర్ వంక చూసి మెల్లగా ద్వారకానాథ్ చెవి దగ్గరకొచ్చాడు.

"భాయ్, నేను తిన్నది లై కదా?"

"అవును."

"అయితే ఈ బగ్ నీదే."

ద్వారకానాథ్ ప్రింటర్ల వరుస రద్దుచేసి, అంతస్తు అంతస్తుకీ తిరిగి కాగితాలు ఏరుకొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. వెళ్లిన ప్రతిచోటా జనం లేచి చప్పట్లు కొట్టారు. రెండేళ్లలో ఆయనకి పడిన మొదటి చప్పట్లవి. సిగ్గుతో చెవులు మండిపోయాయి, అయినా లోపల ఎక్కడో బాగానే ఉంది. అలా బాగున్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఇక ఆగలేక కారు దగ్గరికి వెళ్లి ఒక సీసా తెచ్చాడు. గ్రెగ్ గది తలుపు వేసి, సీసా, ఫ్లాపీ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాడు. గ్రెగ్ సీసాని తనకి దూరంగా, బల్ల చివరికి జరిపాడు.

"ఈ సీసాలో ఏముందో నాకు చెప్పకు."

"ఇప్పుడే చెప్పానుగా."

"నాకు వినపడలేదు. మిగతాది మాత్రం సిడ్నీకి చెప్పాల్సిందే."

గ్రెగ్ నిజాయితీపరుడు. ఫోన్ స్పీకర్ మీద పెట్టి, పెద్ద డైరెక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు: ఇది బగ్ కాదు, మా ఉద్యోగి మామిడిపండు లేబుల్. అవతల పెద్ద నవ్వు.

"మామిడిపండు లేబులా! ఖాతాదార్లు కంగారు పడకుండా మీరే కథ అల్లేశారన్నమాట. భేష్! బయటికి ఇదే చెప్పండి. నలభై నిమిషాల్లో పట్టినవాడి పేరేమిటి?"

"సార్, నేను చెప్పేది నిజం."

"అర్థమైంది, అర్థమైంది. పేరు చెప్పు."

గ్రెగ్ ద్వారకానాథ్ వంక చూశాడు. గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, రెండేళ్లలో మొదటిసారి ఆ పేరు పూర్తిగా పలికాడు. ద్వారకానాథ్‌కి కళ్లు చెమర్చాయి. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించమని స్పీకర్‌లోంచి ఆజ్ఞ వచ్చింది.

వీడ్కోలు బార్బీ కాస్తా విజయోత్సవం అయింది. ద్వారకానాథ్ లేబుళ్లు లేని సీసాలు బయటపెట్టగానే ఎవరికో బుద్ధి పుట్టింది: గుర్తుగా ఉంటుంది, వీటికి ఆ బగ్ కాగితాలే అంటిద్దాం! హారిస్ గంభీరంగా స్టీలు డబ్బా తెచ్చి, వేలితో లై ఎలా పూయాలో, అంచుల్లోంచి గాలి ఎలా తోయాలో అందరికీ నేర్పాడు. కాసేపటికి పన్నెండు సీసాలకీ వాటి అసలు లేబుళ్లే అంటుకున్నాయి. రెండో వరుసలో చివరి తొమ్మిది కొక్కేలూ ద్వారకానాథ్ అన్న పేరని ఆ డాబా మీద తెలిసింది ఆయనకొక్కడికే. ఒక్కొక్క సీసా అందిస్తూ, ఆ కొక్కేల మీద వేలు ఆనించి మరీ ఇచ్చాడు. గర్వంతో ఆయన ఛాతీ చొక్కాలో పట్టలేదు.

ఇంటికెళ్లి చెబితే కళావతి తినే కంచం పక్కన పెట్టి విన్నది.

"రెండేళ్లు చేసిన మంచి పనికి కాకపోయినా, ఒక పూట చేసిన వెధవపనికైనా మిమ్మల్ని గుర్తించారు. సంతోషం. ఇంతకీ ఏడాదిపాటు ఏం పని చేయాలిట?"

"ఆ బగ్ మళ్లీ రాకుండా చూడాలిట."

ద్వారకానాథ్ ఎంత జాగ్రత్తగా పనిచేశాడంటే, ఆ ఏడాది పొడుగునా అది ఒక్కసారి కూడా రాలేదు.