ఎండకు ఉద్యోగమొచ్చింది

మూసీ పొంగి అంబర్‌పేట వంతెన మీదికెక్కిన ఏడాదే మా క్యాంపస్‌లో సూర్యుడు డ్యూటీలో చేరాడు. చాలా మంచి పని జరిగింది!

అంతకుముందు ఎండకు ఏం పని ఉండేది? తార్నాకలో గోడలు కాల్చుకుంటూ ఖాళీగా తిరిగేది. అడిగే సారే లేడు! ఇప్పుడలా కాదు. నేను వాచ్‌మన్‌గా ఉన్న బిల్డింగ్‌లో క్లౌడ్ డేటా సెంటర్ పెట్టారు. అంటే, జనం ఫోన్లలో పట్టని సామానంతా దాచే కంప్యూటర్ల గది. డాబా నిండా సోలార్ పలకలు పరిచారు. పగలంతా ఆ కరెంటుతోనే గది నడుస్తుంది. పొగ లేదు, బొగ్గు లేదు.

లోపల ఏం దాస్తున్నారనుకున్నారు? బిర్యానీ ఫొటోలు! పువ్వుల బొమ్మలతో గుడ్ మార్నింగ్‌లు! వాటికి చెమట పట్టకూడదని రాత్రింబగళ్లు ఏసీ. మేముండే మాణికేశ్వర్ నగర్‌లో కరెంటు పోతే మాకు పట్టొచ్చు. మేమేమన్నా ఫొటోలమా?

మా ఇంటామె సమ్మక్కకే ఈ అభివృద్ధి అర్థం కాలేదు. లాలాపేట పెళ్లివారు చల్ల మిరపకాయలు చెబితే, ఒప్పుకుని మజ్జిగలో నానబెట్టేసింది. మా సందులోకి ఎండ రాదు. ఏటా ఈ డాబా మీదే ఆరబోసేది. ఎండ తగలకపోతే కాయలకు బూజు, పెళ్లివారి ముందు ఆమెకు మాట తప్పవు.

డాబా ఎక్కి చూసింది. నల్లగా, నున్నగా, ఏటవాలుగా పలకలు!

"సార్లు మంచిగ చేసిన్రయ్యా! మిరపకాయలకు బల్లలేసిన్రు" అని మురిసిపోయింది. పాత చీర పరిచి, జారకుండా ఇటుకలు పెట్టి, కాయలు పోసింది.

కాసేపటికి ఇంజనీరు సాకేత్ పరుగెత్తుకొచ్చాడు.

"తాతా! కరెంటు సగం పడిపోయింది! ఏంది గివి?"

మిరపకాయలని కనబడుతూనే ఉంది కదా!

"మీ కాయలు మా ఎండంతా తాగుతున్నయమ్మా!" అన్నాడు సమ్మక్కతో.

"మరేం తాగాలె బిడ్డా, ఇరానీ చాయ్ తాగాలెనా?"

"అట్ల కాదు. మా కంప్యూటర్లకు ఎండ కావాలె."

"మొన్ననే గదా, వాటికి చల్లగుండాలె అన్నవు?"

సాకేత్ తల పట్టుకున్నాడు. "ఎండతోటి కరెంటొస్తది. కరెంటుతోటి చల్లగ చేస్తం. లోపలి వేడినంతా వెనక జాలీలకెళ్లి బయటికి ఊదేస్తం. సమజైందా?"

సమ్మక్కకు కాలేదు. మిరపకాయలు మాత్రం డాబా దిగాయి. సాయంత్రానికి గంపలో ఒక పక్క మెత్తబడ్డాయి కూడా. "పెళ్లోళ్లకు మొఖమెట్ల చూపియ్యాలె?" అంటూ ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

అయినా నాకు కోపం రాలేదు. ఎండ పర్మనెంట్ ఉద్యోగి. మా మిరపకాయలకేం డిగ్రీ ఉందని దాన్ని అడగాలి?

మర్నాడు పొద్దున బిల్డింగ్ వెనక ఆ జాలీ ముందు మంచం వాల్చి కాయలు పోశాను. లోపలి వేడిగాలి రయ్యిమని కొట్టింది. మిరపకాయలు ఎండడం మొదలుపెట్టాయి.

చూశారా, ఎఫిషియెన్సీ అంటే ఇదీ! పలక ఎండను పట్టింది. ఎండ కరెంటైంది. కరెంటు గుడ్ మార్నింగ్‌లను చల్లబరిచింది. వాటి వేడి వచ్చి మా మిరపకాయలను ఎండబెట్టింది.

ఇదివరకైతే పాపం, ఉత్త ఎండలోనే ఎండేవి!