అభిమాన ధ్రువీకరణ

పౌరసత్వం పుచ్చుకున్న తొంభై రోజుల్లోగా ప్రతి వలసదారుడూ ఏదో ఒక పార్టీ మీద అభిమానం పెంచుకుని తీరాలని ప్రభుత్వం ఎంతో ప్రేమగా ఆజ్ఞాపించింది. లేకపోతే ఓటు లేదు. (ఇక్కడే పుట్టినవాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళకి అభిమానం తండ్రి ముక్కుతో పాటే వస్తుంది.)

పద్నాలుగేళ్ళు ఓటు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన దర్జీ, ఎనభై తొమ్మిదో రోజున, తనతోపాటే పౌరసత్వం వచ్చిన బావమరిదిని వెంటబెట్టుకుని అభిమాన ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్ళాడు.

"ఏ పార్టీ అండీ?" అన్నాడు గుమాస్తా.

"ఇంకా తేల్చుకోలేదండి. రెండు పార్టీల వాగ్దానాలూ రెండేసి సార్లు చదివాను. రోడ్ల విషయంలో వీళ్ళు నయం, బడుల విషయంలో వాళ్ళు..."

గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. "చదివారా?"

"చదివానండి."

"ఇంకెక్కడా అనకండి."

పర్యవేక్షకురాలు స్వయంగా లేచి వచ్చింది. "ఆలోచన అభిమానానికి ముందు రాకూడదండీ. ఏడో నిబంధన. తర్వాత వస్తే మందలించి వదిలేస్తాం."

ఈలోగా బావమరిది తన ఫారం నింపేశాడు. 'కారణం' అన్న గడిలో 'రెండో పార్టీ పేరు వింటేనే ఒళ్ళు మంట' అని రాశాడు. పర్యవేక్షకురాలు అతనితో కరచాలనం చేసింది.

దర్జీ నోరు వెళ్ళబెట్టాడు. "ఒరేయ్, మన వీధికి నీళ్ళ గొట్టం వేయించింది ఆ పార్టీయే కదరా!"

"ఎందుకు వేయించారో తెలుసా? నువ్వు వట్టి అమాయకుడివి బావా."

"నేనా? నీ పౌరసత్వం ఫారం నింపిందెవడ్రా?"

"నింపావులే! నన్ను ఆడమనిషిని చేశావు. దిద్దించుకోడానికి రెండేళ్ళు పట్టింది!"

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వున్న పార్టీలో నేను చచ్చినా ఉండను!"

టప్పున ముద్ర పడింది. "అభినందనలండీ," అన్నాడు గుమాస్తా. "అభిమానం కుదిరింది."

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి నడిపే కొట్లో రెండు కుట్టుమిషన్ల మధ్య తెర వెలిసింది. కత్తెర కావాలన్నా వీధిలోంచి తిరిగి వెళ్ళి అడగాల్సి వచ్చేది. (దీన్నే ప్రజాస్వామ్యం వేళ్ళూనుకోవడం అంటారు.)

వారం తిరక్కుండా దర్జీ పార్టీ నుంచి ఒకాయన బ్యానరు కుట్టించడానికి వచ్చాడు. దాని మీద ఉండాల్సిన మాటలు: 'వలసదారులారా, వెనక్కి పోండి!' తెర అవతల బావమరిది పొద్దుటి నుంచీ అవే మాటల్ని వేరే రంగు గుడ్డ మీద కుడుతున్నాడు.

దర్జీ మెడలోని టేపు తీసి, తెర సందులోంచి తొంగి చూశాడు.

"మన అక్షరాలు వాళ్ళవాటికంటే జానెడు పెద్దవి పెడదామండీ," అన్నాడు.