మురికి కావలెను

మురికి ఉన్నచోట దాన్ని తుడిచేవాడు పుడతాడన్నది లోకనియమం. మా ఊరు లోకం కంటే ఒకడుగు ముందుంది. ఇక్కడ తుడిచేవాళ్ళు ముందే పుట్టేశారు, మురికే ఇంకా రావలసి ఉంది.

మాది మహానగరం కాదు. అలాగని ఎవరైనా చిన్న ఊరంటే ఊరుకోం. కొన్నాళ్ళుగా ఇక్కడ క్లీనింగ్ కంపెనీలు తామరతంపరగా వెలిశాయి. సోఫాలు కడిగేవి, కిటికీలు తుడిచేవి, నీళ్ళ ట్యాంకులు తోమేవి, ఇవన్నీ చేస్తామని బోర్డు పెట్టి ఏదీ చేయనివి. ఏ గోడ చూసినా వాళ్ళ ప్రకటనలే. (గోడల మీది ప్రకటనలు గీకేసే కంపెనీ కూడా ఒకటుంది. దాని ప్రకటన ఆ పక్కనే అంటించి ఉంటుంది.)

ఈ రద్దీని అదుపు చేయడానికి పరిశుభ్రతా వ్యాపార సమతుల్య మండలి వెలిసింది. అది పెట్టిన నియమం ఒక్కటే. కొత్త కంపెనీ ఏదైనా సరే, తనిఖీ అధికారి సమక్షంలో ఒక స్థలాన్ని శుభ్రం చేయించి చూపాలి. ముందు తీసిన ఫోటోకీ తర్వాత తీసిన ఫోటోకీ తేడా కంటికి కనబడాలి. కనబడితే లైసెన్సు, లేకపోతే దుకాణం మూత. వినడానికి న్యాయంగానే ఉంది. మనల్ని ముంచే నియమాలన్నీ వినడానికి న్యాయంగానే ఉంటాయి.

మా వదిన ఈ వ్యాపారంలోకి దిగింది. అంతకుముందు బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి, జనం విప్పి పడేసిన బట్టలు మడతపెట్టేది. కూర్చోవడానికి స్టూలైనా ఇచ్చేవారు కాదు. ఉద్యోగం మానేసిన రోజున ముందు ఒక కుర్చీ కొనుక్కుంది, ఆ తర్వాతే దుమ్ము పీల్చే యంత్రం కొంది. "లైసెన్సు రాకపోతే మళ్ళీ ఆ కొట్లో నిలబడాల్సిందే మరిదిగారూ. నా మోకాళ్ళు ఒప్పుకోవు," అంది. ఆ మాటకు నాకు నిజంగానే బాధేసింది. అందుకే తనిఖీకి నేనూ వెంట వెళ్ళాను.

తనిఖీ ఒక రిటైరైన హెడ్మాస్టరమ్మ గారింట్లో. అధికారిని ఊరంతా (ఆయన వెనక) రుమాలుగారంటుంది. దేన్ని చూసినా తెల్ల రుమాలు తీసి ఒకసారి రాసి చూడటం ఆయనకు అలవాటు. ఇంట్లో అడుగుపెట్టగానే ముగ్గురం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఇల్లు అద్దంలా మెరుస్తోంది. అలమర మీదికి తెల్లగా వెళ్ళిన రుమాలు తెల్లగానే తిరిగొచ్చింది.

"మురికేదండీ?" అంది వదిన ఏడుపు గొంతుతో.

"ఎవరో వస్తున్నారంటే ఇల్లలా వదిలేస్తామా అమ్మా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నిన్నంతా తోమితోమి నడుం పడిపోయింది."

"తుడవడానికే కదండీ మేం వచ్చింది!"

"అందుకేగా తుడిచింది," అంది హెడ్మాస్టరమ్మ.

రుమాలుగారు 'తేడా లేదు' అని రాసుకుని వెళ్ళిపోయారు.

ఇది ఆవిడ ఒక్కరి తప్పు కాదు. క్లీనింగ్ వాళ్ళు వస్తున్నారంటే ముందురోజే ఇల్లు కడిగిపెట్టడం మా ఊరి మర్యాద. అనుభవం ఉన్న కంపెనీలు అందుకే తమ మురికి తామే తెచ్చుకుంటాయి. మార్కెట్ వెనక సందులో దానికో దుకాణం ఉంది. జల్లించిన దుమ్ము, చుట్టలు చుట్టిన సాలెగూళ్ళు దొరుకుతాయి. గోడల మీద పిల్లల చేతిముద్రలు కావాలంటే పిల్లల్నే పంపుతారు. వదిన ససేమిరా అంది. "శుభ్రం చేస్తానని వెళ్ళి ఒకరింట్లో దుమ్ము పోయనా? నా వల్ల కాదు." మా అన్నయ్య తన గది ఇస్తానన్నాడు. ఆ గది ఒక్కటీ చూపిస్తే ఊళ్ళో కంపెనీలన్నిటికీ లైసెన్సులు వచ్చేస్తాయి. కానీ బంధువుల మురికి చెల్లదట.

చివరికి ఇంకో అవకాశం అడుగుదామని మండలి ఆఫీసుకే వెళ్ళాం. రుమాలుగారి గదిలో ఫ్యాను ఏ రంగుదో చెప్పడం కష్టం. బల్ల నిండా టీ కప్పుల మరకలు. కిటికీ అద్దాల్లోంచి వెలుతురు రాక పట్టపగలే లైటు వేసుకున్నారు. వదిన ఒకసారి నాలుగు మూలలా చూసింది.

"సార్, ఇక్కడే చేసి చూపిస్తే?"

రుమాలుగారు నియమావళి తిరగేశారు. ఎక్కడా అడ్డు లేదు. కాస్త మొహమాటపడుతూనే ఫోటో తీసుకున్నారు. "సరే, రేపు పొద్దున రండమ్మా," అన్నారు.

మర్నాడు యంత్రం మోసుకుని వెళ్ళేసరికి రుమాలుగారు చొక్కా చేతులు మడిచి, స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్నారు. గుమాస్తా నేల కడుగుతున్నాడు. ప్యూను కిటికీ అద్దాలు తోమేశాడు. ఎదురుగా ఒక చెట్టుందని ఆ ఆఫీసుకు ఆరోజే తెలిసింది.

"ఇదేంటి సార్?"

"మీరొస్తున్నారు కదమ్మా... ఏమనుకుంటారో అని," అన్నారు ఆయన స్టూలు మీంచే.

నాకు బట్టల కొట్టు కళ్ళముందు కదిలింది. వదిన మాత్రం యంత్రం కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నిన్నటి ఫోటో తియ్యండి సార్. ఇప్పుడింకోటి తియ్యండి. తేడా ఉందా, లేదా?"

"ఉందమ్మా. ఇంత తేడా నా సర్వీసులో చూడలేదు."

"నేను రానంటే తుడిచేవారా?"

"ఎందుకు తుడుస్తాం?" అన్నారు రుమాలుగారు నిజాయితీగా.

తేడా కనబడాలని నియమంలో ఉంది. చీపురు ఎవరి చేతిలో ఉండాలన్నది ఎక్కడా లేదు. లైసెన్సు అప్పటికప్పుడే ఇచ్చేశారు.

వదిన యంత్రం అమ్మేసింది. ఇప్పుడు కూర్చున్నచోటి నుంచే ఫోన్లు చేస్తుంది. మామూలు సేవకు, 'రేపు వస్తున్నాం.' మంచాల కింద కూడా శుభ్రం కావాలంటే, 'రేపు మా అత్తగారితో కలిసి వస్తున్నాం.' ఊరు తళతళలాడుతోంది. ఇంతవరకు వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: ఓసారి పొరపాటున నిజంగానే వెళ్ళింది.

మా ఇల్లు కూడా చందాదారే. పొద్దున్నే ఫోను వచ్చింది. అప్పటి నుంచి మా ఆవిడ వంగిన నడుం ఎత్తలేదు. సోఫాలో కూర్చుని ఇది రాస్తున్న నేను చుట్టూ చూసి, "ఎంతైనా మా వదిన పనితనమే వేరు!" అన్నాను మనస్ఫూర్తిగా.

"కాళ్ళెత్తండి," అంది మా ఆవిడ.