ముప్పై ఒక్క గడుల్లో హైమవతి

ఉప్పునీటి తొట్టెలో పడుకున్న మనిషి నలభై నిమిషాలకల్లా పూర్తిగా కరిగిపోతాడనీ, బయట కూర్చున్న దగ్గరి బంధువు ఫారం నింపి ఇస్తే అందులో రాసిన ప్రకారం మళ్ళీ మనిషిగా లేచి వస్తాడనీ, విశాఖపట్నంలోని ‘నిశ్చింత’ తేలుడు, మర్దన కేంద్రం వారు తమ కరపత్రంలో తెలుగులోనే అచ్చు వేయించారు. చదవకుండా జేబులో కుక్కుకున్నవాళ్ళని ఎవరేం చేస్తారు? ముందు రోజు నుంచీ గడ్డం గీసుకోవద్దు, ఉప్పు మండుతుంది. కాఫీ తాగి రావద్దు. గాజులూ గొలుసులూ ఇంట్లోనే పెట్టి రండి. ఈత రాకపోయినా భయం లేదు, తొట్టెలో ఉన్నవి మోకాలి లోతు నీళ్ళు, అంత ఉప్పులో మునుగుదామన్నా మునగలేరు. చెవుల్లో మైనం ఉండలు మేమే పెడతాం. కరగడం సహజం, కంగారు పడవద్దు. ఇన్ని జాగ్రత్తలు వరసగా చెప్పాక ఆ చివరిది కూడా చెవుల్లో మైనం లాంటిదే అనిపిస్తుంది.

దాలినాయుడు గారు ఆ కరపత్రాన్ని చదివారు. ఆయన చదవని కాగితం లేదు. తాసిల్దారు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ‘వివరాలు అసంపూర్ణం’ అని ఆయన వెనక్కి పంపిన దరఖాస్తులకి లెక్క లేదు. అలాగని కఠినుడు కాడు. కిటికీ దగ్గరికి వచ్చిన ముసలీ ముతకకి ఓపిగ్గా చెప్పేవారు, ఏ గడీ ఖాళీగా వదలకూడదనీ, తెలియకపోతే ‘వర్తించదు’ అని రాసెయ్యాలనీ. ఖాళీ గడి ఉంటే ఫైలు కదలదు, ‘వర్తించదు’ ఉంటే కదులుతుంది. ఈ ఒక్క మాటతో ఆయన ఎన్ని వందల మందిని గట్టెక్కించారో.

తొట్టెలోకి వెళ్ళింది ఆయన భార్య హైమవతి. జాకెట్లు కుట్టి కుట్టి ఆవిడకి మెడ పట్టేసింది. ఒక చీరల దుకాణం లక్కీ డ్రాలో కూతురు ప్రవల్లికకి ఈ కేంద్రం కూపను తగిలింది. అమ్మని పంపుదామని పిల్లే పట్టుబట్టింది. రెండో శనివారం, ఆఫీసుకి సెలవు. పదింటికి దాలినాయుడు గారు భార్యని స్కూటరు మీద దింపి, కేంద్రంలోనే బల్ల మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు. లోపల ఎస్తేరు అనే ఆవిడ హైమవతికి మెడా వీపూ ముప్పావు గంట మర్దనా చేసి, స్నానం చేయించి, తొట్టెలో పడుకోబెట్టి మూత వేసింది.

పదకొండున్నరకి కేంద్రం ఇన్‌ఛార్జి సుభాషిణి గారు ఫారంతో వచ్చారు. “కరిగారండీ. చక్కగా కరిగారు, ఎక్కడా ఉండ కట్టలేదు,” అన్నారు. నాలుగింటికి తొట్టెలో నీళ్ళు మారుస్తామనీ, ఈలోగా ఫారం ఇస్తే మనిషిని తీసుకెళ్ళొచ్చనీ, అందులో రాయనివి మాత్రం నీళ్ళతో పాటే కాలవలోకి పోతాయనీ చెప్పారు. దాలినాయుడు గారు పెన్ను తీసి, ఫారం మొత్తం ఒకసారి తిరగేశారు. ముప్పై ఒక్క గడులు. ఆయనకి నవ్వొచ్చింది. ఇంతకంటే పెద్ద ఫారాలు ఆయన భోజనాల వేళకి ముందే నాలుగు చూసేవారు.

పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, రక్తం గ్రూపు వరకూ కలం ఆగలేదు. ఆరో గడిలో పుట్టుమచ్చలు అడిగారు. గుర్తు చేసుకోబోయి, గుర్తు రాక, స్కూటరు మీద ఇంటికి వెళ్ళి ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకొచ్చారు. ఎడమ చెంప మీద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి అని అందులో ఉంది. పదో తరగతిలో పుట్టుమచ్చలు ఎలా పడతాయో అందరికీ తెలిసిందే. హెడ్మాస్టరు గారు గది గుమ్మంలో నిలబడి, వరసలో ఉన్న పిల్లలందరికీ తోచినచోట తలో రెండు పంచేస్తారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో భార్య చెంప మీద మచ్చ చూసిన జ్ఞాపకం దాలినాయుడు గారికి లేదు. కానీ ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితానికి ఎదురు తన కళ్ళని సాక్ష్యం పెట్టే మనిషి కాడాయన. ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు.

ఏడో గడిలో ఇంట్లో ఏమని పిలుస్తారు అని ఉంది. ఆయన భార్యని పేరు పెట్టి పిలిచి ఎరగరు, వాళ్ళ ఇళ్ళలో ఎవరూ పిలవరు. నిజం రాయాలి కాబట్టి ‘ఇదిగో’ అని రాశారు.

ఎనిమిదోది, ఇష్టమైన తిండి. ఆవిడ వండేవన్నీ కళ్ళ ముందు కదిలాయి గానీ, తింటూ ఉన్న మనిషి కనపడలేదు. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో పీట మీద కూర్చుని గిన్నెల్లో ఉన్నది కలుపుకునేది. కూతురికి ఫోన్ చేశారు. ఆ పిల్ల, “నాకేటిష్టమైతే అమ్మకీ అదే ఇష్టం నాన్నా, ఎప్పుడూ అదే సెప్తాది కదా,” అంది. ఆయన ‘ఇంట్లో వాళ్ళకి ఇష్టమైనవి’ అని రాశారు.

తొమ్మిది నుంచి పదిహేడు దాకా దినచర్యా, గుణగణాలూ. ఇక్కడ ఆయన చెయ్యి బాగా సాగింది. తెల్లవారుజామున ఐదుకి లేస్తుంది. పాల మీద మీగడ నాకే వేస్తుంది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు నా మంచం పక్కనుంచి కదల్లేదు. నా చొక్కా గుండీ ఊడితే నేను చెప్పకముందే కుట్టేస్తుంది. రాస్తుంటే భార్య మీద ప్రేమతో ఆయన గడి దాటి అంచుల్లో కూడా రాసేశారు. ఆ ప్రేమ అబద్ధం కాదు, ఎవరైనా ఒప్పుకోవాలి. తీరా పై నుంచి చదువుకుంటే ప్రతి వాక్యంలోనూ ఉన్నది తనే.

పద్దెనిమిది నుంచి దేవుడే దిక్కు. దేనికి నవ్వుతుంది? దేనికి భయపడుతుంది? పెళ్ళికి ముందు ఏమవాలనుకునేది? ఆమెకి మీ మీద ఉన్న కోపం ఏమిటి? ఆయన తన అక్కకి ఫోన్ చేశారు, పక్కింటివాళ్ళకి చేశారు. మీ ఆవిడకేం, బంగారం అన్నారు అందరూ. బంగారం అని రాస్తే ఏ గడికీ సరిపోదు. మూడు దాటింది. ఖాళీ గడి అంటే ఫైలు కదలదు. ఇరవై రెండేళ్ళ చెయ్యి దాని అలవాటు ప్రకారం అది కదిలింది. వర్తించదు, వర్తించదు, వర్తించదు. పద్నాలుగు గడుల్లో పదమూడు అలా నిండాయి.

అప్పుడాయన పెన్ను మూత పెట్టి, ఇదే ఫారం ఇంకెవరైనా తన కిటికీ దగ్గరికి తెచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణి అని ఆలోచించారు. కళ్ళు మూసుకుని ముద్ర వేసి పంపేసేవారు. ఇంట్లోంచి మనిషిని తీసుకొచ్చి పోగొట్టుకుంటున్నానే అని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, యాభై రెండేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చారు. ఆవిడ లేకుండా బతకడం ఆయనకి చేతకాదు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

తువ్వాళ్ళు ఆరబెట్టడానికి అటు వచ్చిన ఎస్తేరు ఆగింది. ఏ గడి మిగిలిందని అడిగింది. ముప్పై ఒకటి అని చూపించారు. కోరిక ఏమిటి, అది మీకెలా తెలుసు.

“మెడ మీద సెయ్యేస్తే ఆడోళ్ళు అన్నీ సెప్పేత్తారు బాబూ,” అంది ఎస్తేరు. “కిటికీ పక్కన కూకోని రైల్లో ఎల్లాలంట. సివరి టేసను దాకా. ఒక్కర్తీ. కేరేజీ కట్టకండా, ఎవులికీ ఏటీ పెట్టకండా. అంతేనంట.”

ఎస్తేరు బంధువు కాదు కాబట్టి ఆమె మాట చెల్లదు. చెప్పుడు మాటలు రాయరాదని ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. దాలినాయుడు గారు ఆ కోరిక అంతా రాసి, ఎలా తెలుసు అన్నచోట ‘స్వయంగా నాతో చెప్పింది’ అని రాశారు. సర్వీసులో కాగితం మీద ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అయినా అక్షరం వంకర పోలేదు.

నాలుగూ పదికి హైమవతి తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎడమ చెంప మీద మినప గింజంత పుట్టుమచ్చ. సుభాషిణి గారు హైమవతి గారూ అని రెండుసార్లు పిలిచినా తిరగలేదు. ఆయన ఇదిగో అన్నారు, వెంటనే తిరిగి నవ్వింది. మెడ నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని చెప్పింది. పోదూ మరి, మెడ నొప్పి సంగతి ఆయన ఎక్కడా రాయలేదు. కేంద్రం వారు దాన్ని తమ మర్దనా గొప్పతనం కింద వేసుకున్నారు.

ఇంట్లో ఎవరికీ ఏ తేడా కనపడలేదు. ఐదింటికి లేచింది, మీగడ వేసింది, గిన్నెల్లో ఉన్నది తింది. అక్కగారు వచ్చి చూసి, మనిషి తేటపడిందని మెచ్చుకున్నారు. కూతురు మచ్చ బాగుందంది. దాలినాయుడు గారికి మాత్రం కుట్టు మిషను ఆగినప్పుడల్లా ఏదో తగ్గినట్టు అనిపించేది. ఇదివరకు మిషను ఆపి, దారం మార్చుకునే ఆ కాస్త వ్యవధిలో ఆవిడ ఏదో చేసేది. పాడేదో, తనలో తను మాట్లాడుకునేదో, ఊరికే నిట్టూర్చేదో. ఆరు రోజులు తల బద్దలు కొట్టుకున్నా ఏమిటో తట్టలేదు. చేసేదన్న సంగతి మాత్రం ఖాయం.

వదిలేసిన వివరాలు ఏడు రోజుల్లోగా చేర్చవచ్చని రూలు ఉంది. ఏడో రోజు అర్ధపూట సెలవు పెట్టి కేంద్రానికి వెళ్ళి, తన భార్యలో ఏదో ఒకటి తగ్గిందని దరఖాస్తు ఇచ్చారు. సుభాషిణి గారు మర్యాదగానే చదివి, ఏదో ఒకటి అంటే కుదరదు, పేరు చెప్పాలన్నారు. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. పాపం, ఆవిడా మనిషే కదా, ఆయన మొహం చూసి బీరువా తెరిచి ఇంకో ఫారం తీశారు. లోపలికి వెళ్ళేముందు ఎవరి ఫారం వాళ్ళే ఒకటి నింపుతారట. తమ గురించి తాము రాసుకున్నది చెల్లదు, సరిచూసుకోవడానికి మాత్రమే ఉంచుతారట.

హైమవతి గుండ్రటి చేతిరాత. ఇష్టమైన తిండి, ఇంట్లో వాళ్ళకి ఇష్టమైనవి. ఇంట్లో పిలిచే పేరు, ఇదిగో. దేనికి నవ్వుతారు, వర్తించదు. ఏమవాలనుకునేవారు, వర్తించదు. భర్త మీద కోపం, వర్తించదు. దాలినాయుడు గారు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి గడి గడీ సరిచూశారు. ఆయనకి ఆ పని బాగా వచ్చు. ఎక్కడైనా ఒక్క అక్షరం తేడా దొరికితే బాగుండునని, జన్మలో మొదటిసారి, ఆయన మొక్కుకున్నారు. ముప్పై గడులూ సరిపోయాయి.

“తగ్గలేదండీ,” అన్నారు సుభాషిణి గారు. “వచ్చినప్పుడే అంత ఉన్నారు. మాకు ఆడవాళ్ళవి ఎక్కువ ఇలాగే టాలీ అవుతాయి. నిజానికి మీ కేసులో ఒకటి ఎక్కువుంది.”

ముప్పై ఒకటో గడి. హైమవతి అక్కడ కూడా వర్తించదు అనే రాసింది. కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో తమకి తెలియదనీ, కావాలంటే ఒక్క అరగంట తొట్టెలో పడుకోబెట్టి తీసేస్తామనీ సుభాషిణి గారు చెప్పారు. తీయించకపోతే దాని వల్ల ఇంట్లో వచ్చే ఇబ్బందులకి కేంద్రానికి బాధ్యత లేదు. దాలినాయుడు గారు ఉండనివ్వండి అన్నారు. బాధ్యత నాదే అని రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశారు. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళకి భార్యకి ఏదో ఇచ్చిన మనిషి నడక అది.

సాయంత్రం ఆవిడ మిషను దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి కాస్త సిగ్గుపడింది.

“ఏవండీ, వారం రోజుల్నుంచి ఎందుకో కిటికీ పక్కన కూచుని రైల్లో పోవాలనిపిస్తంది. అలా సివరి దాకా. ఇదెక్కణ్ణించి వచ్చిందో మరి. రెండ్రోజులు పోతే అదే తగ్గుద్దిలెండి.”

దాలినాయుడు గారికి కళ్ళు చెమర్చాయి. తగ్గాల్సిన పని లేదనీ, రేపు ఆదివారమే కాబట్టి పొద్దున్నే కొండల మీంచి వెళ్ళే పాసింజరు ఎక్కొచ్చనీ చెప్పారు. హైమవతి మొహం విచ్చుకుంది. కిటికీ దొరుకుతుందా అని అడిగింది. తప్పకుండా దొరుకుతుందన్నారు. ఆ మొహం చూసి ఆయన ఉప్పొంగిపోయి, మనసులో ఉన్న ప్రేమంతా కలిపి ఇంకో మాట అనేశారు.

“నేనూ వస్తాన్లే. పిల్లని కూడా తీసుకెళ్దాం.”

“అయితే పులిహోర కలపాలి,” అని ఆవిడ లేచింది. “ఎన్ని గ్లాసులు పొయ్యమంటారు?”

అన్న మాట ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. వద్దు, నువ్వొక్కదానివే వెళ్ళు, మా సంగతి మేం చూసుకుంటాం అందామని వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. అప్పటికే చింతపండు నానేసింది, కేరేజీ గిన్నెలు దించి తుడుస్తోంది. హుషారుగానే ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగి, మూడు గ్లాసులు చాలన్నారు. పులిహోర అంటే ఆయనకి ఇష్టం కూడాను.