రెండు గ్యాలన్ల సాగనంపుడు

ఆ మంగళవారం పొద్దున లారీ డ్రైవరు రాయమల్లు చేయవలసిన పని చిన్నదే. లారీలో రెండు గ్యాలన్ల పెట్రోలు పోసుకుని కరీంనగర్ నుంచి హుజూరాబాద్ చేరాలి. పాతిక మైళ్ల దారి. చేరితే లారీ ఉంటుంది. చేరకపోతే, అక్కడ కాచుకుని ఉన్న బేరగాడికి లారీ యజమాని లింగమూర్తి సేటు దాన్ని అమ్మేస్తాడు. రాయమల్లు అటునుంచి అటే జమ్మికుంటలో రైలెక్కి బెల్లంపల్లి బొగ్గుబావికి పోవాలి. ఆ రోజుల్లో బావికి పోయినవాళ్లు నెలకోసారి వస్తామనే పోయేవారు. ఆ తర్వాత ఉత్తరాలు మాత్రం వచ్చేవి.

యుద్ధకాలం నాటి ఆ లారీ రెండు గ్యాలన్లకు ఇరవై మైళ్లు దాటింది లేదు. అయితే ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు పోస్తే బండికి బలమూ, మైళ్లూ రెండూ పెరుగుతాయని పట్నంలో ఎవరో సేటుకు చెప్పారు. ఆయన ఆ ఖరీదైన పెట్రోలు తెప్పించి ఇచ్చి, తాను ముందురోజే బస్సులో హుజూరాబాద్ వెళ్లాడు.

లారీలు బాగుచేసే మేస్త్రి హనుమండ్లు పెట్రోలు డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"గిది కొత్త ఇంజన్లకురా. మన ముసల్దానికి గిది పోసినా, మామూల్ది పోసినా ఒక్కటే."

"జర మెల్లగ మాట్లాడే. మా ఇంటామె ఇంటే పరేషాన్ అయితది."

లింగవ్వ అప్పటికే విన్నది. జొన్నరొట్టెల మూట ఒడిలో పెట్టుకుని శోకం అందుకుంది. వాడకట్టంతా కదిలి వచ్చింది. ఊరు విడిచేవాణ్ని ఊరి చివరి వాగు, ఆ ఒర్రె దాకా సాగనంపడం వాళ్ల మర్యాద.

"ఒర్రె దాకనే బిడ్డా," అంటూ సమ్మవ్వ ముందుగా లారీ ఎక్కింది. ఆమె వెనుక లింగవ్వతో కలిపి ముప్పై మంది ఎక్కారు.

ఒర్రె దగ్గర లారీ ఆగింది. ఎవరూ దిగలేదు. ముందు దిగినవాళ్లకు ప్రేమ తక్కువని వాడకట్టులో ఏడాదిపాటు చెప్పుకుంటారు.

"దిగు వదినె," అంది కమలవ్వ సమ్మవ్వతో.

"నువ్వు దిగు. ఆడు పుట్టిననాడు బొడ్డు కోసినదాన్ని, నేనెట్ల దిగుత?"

"ఆనికి పిల్లను సూసింది నేను. నేనెట్ల దిగుత?"

ఇక మానకొండూరు దాకా పోదామన్నారు. అక్కడ వాళ్లలో ఒకడైన గట్టయ్య చాయ్ కోసం ఒక కాలు కిందికి పెట్టాడు.

"దిగుతున్నవా? దిగు, దిగు. నీకు ఆడేమైతడని!" అంది సమ్మవ్వ.

గట్టయ్య కాలు మళ్లీ పైకి తీసుకున్నాడు.

ముప్పై మంది ప్రేమను మోస్తూ లారీ దగ్గింది, మూలిగింది. ఖరీదైన పెట్రోలు దానికి ఏ బలమూ ఇవ్వలేదు. పంతొమ్మిదో మైలురాయి దగ్గర నిలిచిపోయింది. రాయమల్లు తలను స్టీరింగుకు ఆనించాడు. అంతసేపూ ఏడ్చిన లింగవ్వ ఠక్కున ఆపేసి కొంగు నడుముకు చుట్టింది.

"బండి చేరకుంటే గీయన బాయిల పడ్తడు. సూస్తరేంది? తొయ్యుండ్రి!"

తోశారు. తిట్టుకుంటూ, రొట్టెలు తింటూ, ఒకరినొకరు మందలించుకుంటూ తోశారు. మిట్టమధ్యాహ్నానికి హుజూరాబాద్ ముందరి ఎత్తు ఎక్కించేసరికి అందరూ చతికిలబడ్డారు. రాయమల్లు స్టీరింగు పట్టుకుని ఉన్న లారీ మాత్రం అవతలి వాలులో తనంతట తానే దొర్లుతూ పోయి, అంగడి దగ్గర సేటు కాళ్లముందు ఆగింది.

సేటు నోరు తెరిచాడు. "సప్పుడే లేదు! ఏం పెట్రోలయ్యా!"

బేరగాడు వెంటనే లారీ తలుపు పట్టుకున్నాడు. "ఇప్పుడే కొంటా, సేటూ!"

రాయమల్లు స్టీరింగు వదల్లేదు.

"గింత మంచి బండిని అమ్ముడా? నాకేమన్న పిచ్చా?" అన్నాడు సేటు. అంతలో ఎత్తు మీద వరుసగా తలలు కనిపించాయి. "ఎవరురా వాళ్లు?"

"మా వాడోళ్లు సేటూ. సాగనంపనీకి వచ్చిండ్రు."

"గింత దూరమా?"

"జర ప్రేమ ఎక్కువ."

సేటు లారీని ప్రేమగా తట్టాడు. "అయితే రేపు గదే రెండు గ్యాలన్ల మీద నూరు మైళ్ల అవతలున్న బోథ్ పోయిరా. ఇంకేమన్న గావాల్నా?"

రాయమల్లు ఎత్తువైపు చూశాడు. సమ్మవ్వ కుంటుతూ దిగుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని లింగవ్వ నవ్వుతూ నడుస్తోంది.

"ఏమద్దు సేటూ. మావోళ్లు సాగనంపితె సాలు."

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ లారీకి ఖరీదైన పెట్రోలే పోశారు. మైళ్లు మాత్రం సమ్మవ్వ మోకాళ్ల నొప్పిని బట్టి వచ్చేవి.