తాళం ఉన్న పిచ్చుక గూడు

ఆ సోమవారం పొద్దున గుమాస్తా అనుకున్న పని ఒక్కటే: పదింటిలోగా పిచ్చుకలకు ఇల్లు మార్పించాలి. ఆయన సీటు మీది ఫ్యాను డొప్పలో ఓ జంట వారం రోజులుగా గడ్డిపరకలు పేరుస్తోంది. ఫ్యాను రెక్కలు వాటికి ఎక్కడ తగులుతాయోనని ఆయన స్విచ్చి వేయనివ్వలేదు. గదిలో అందరికీ చెమటలు ధారలు కట్టాయి.

"సోమవారం స్విచ్చి వేసేస్తాను. తర్వాత నన్ననొద్దు," అని టైపిస్టమ్మ తేల్చి చెప్పేసింది.

అందుకే ఆయన ఆఫీసు వడ్రంగి కాళ్ళావేళ్ళా పడి ఓ చెక్కపెట్టె చేయించాడు. ఆ మహానుభావుడు ముప్పై ఏళ్ళుగా ఫిర్యాదుల పెట్టెలు తప్ప మరొకటి చేసి ఎరగడు. అలవాటు చొప్పున దీనికీ ఎర్రరంగు పూసి, తాళం వేసి, గుమ్మం పక్కన చెయ్యి అందేంత ఎత్తులో బిగించాడు.

"తాళమెందుకు బాబాయ్?"

"పెట్టెన్నాక తాళముండదూ?"

పిచ్చుకలకు తాళంతో పేచీ లేదు. గుమాస్తా డొప్పలోని పరకలు తీసి గుండ్రటి కంతలోంచి లోపలికి తోశాడు. మధ్యాహ్నానికి అవీ దూరాయి. హమ్మయ్య అనుకుని ఫ్యాను వేశాడు.

మర్నాడు ఆఫీసులో పని కోసం వచ్చి వరుసలో నిలబడ్డ ఓ పెద్దమనిషి అదే కంతలో మడిచిన కాగితం పడేశాడు. ఆయన్ని చూసి వెనకాల ముగ్గురు వేశారు. గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, ఇది ఫిర్యాదుల పెట్టె కాదండీ!"

"మీరు అలాగే అంటార్లెండి," అని పెద్దమనిషి ఇంకొకటి వేశాడు.

పదిహేను రోజుల్లో ఆఫీసు మారిపోయింది. ఎవరి మీద ఏం రాశారోనని ఒకటే గుబులు. టైపిస్టమ్మ వచ్చినవాళ్ళను కూర్చోమంది. బంట్రోతు అడక్కుండానే మంచినీళ్ళిచ్చాడు. ఆఫీసరైతే తొమ్మిదిన్నరకే వచ్చి ఆ ఎర్రపెట్టెనే చూస్తూ కూర్చునేవాడు. పదహారో రోజున ఇక తట్టుకోలేకపోయాడు.

"తెరవండి దాన్ని! నా మీద ఏం రాశారో చూడాలి."

గుమాస్తా అడ్డంగా నిలబడ్డాడు. "సార్, లోపల గుడ్లున్నాయి. కదిపితే తల్లి మళ్ళీ రాదేమో. కావాలంటే నా మీద రాసినవన్నీ నిజమేనని సంతకం పెడతాను, దాన్ని మాత్రం వదిలెయ్యండి."

"అంటే నీ మీదే రాశారన్నమాట!" అంటూ ఆఫీసర్ తాళం తీయించాడు.

తల్లిపిచ్చుక తుర్రుమంది. లోపల ఒక్క ఫిర్యాదూ లేదు. అన్నీ పీలికలై మెత్తటి పరుపయ్యాయి. దాని మీద నాలుగు గుడ్లు. అంచున ఒక్క కాగితం మాత్రం ముక్కుల పాలబడకుండా మిగిలింది. ఆఫీసర్ పైకి చదివాడు.

"నాకు గొంతు సరిగా రాదు. మూడేళ్ళు తిరిగినా ఫ్యాను హోరులో నా మాట ఎవరికీ వినబడలేదు. ఆ గుమాస్తా బాబు నాకోసం ఫ్యాను ఆపుకుని, చెమటలు కారుతున్నా అంతా విన్నాడు. నా పని అయింది. చల్లగా ఉండు నాయనా."

గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. "నాదేం లేదు సార్. అంతా ఈ పిచ్చుకల చలవ. వాటికే దండం పెట్టాలి."

ఆఫీసర్ పెట్టె తలుపు మెల్లగా మూశాడు. అందరూ నాలుగడుగులు వెనక్కి వేసి ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి తల్లి తిరిగొచ్చి కంతలో దూరింది. టైపిస్టమ్మ వెళ్ళి ఫ్యాను ఆపేసింది.

"వరుసలో మెల్లగా మాట్లాడేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో," అంది.

మూడో రోజున పెట్టెలోంచి కిచకిచలు వినబడ్డాయి. ఫిర్యాదుల మీద కూర్చున్నవాళ్ళు ఫలితం చూపించడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి.